దణ్ణాల బ్యాకు

మా బ్యాకు పోయాడన్న కబురు నాకు మిల్లు గేటు దగ్గర తెలిసింది. చెప్పినవాడు మా టీములోనే లెఫ్ట్ వింగ్ ఆడేవాడు. సైకిలు దిగకుండా, ఒక కాలు నేలకి ఆనించి, "విన్నావా, మన దణ్ణాల బ్యాకు పోయాడంట. విషజ్వరం తిరగబెట్టిందంట, పొద్దున్నే పోయాడంట" అన్నాడు. నేను నోరు తెరిచే లోపే, "మరి గోడౌన్లో ఆయన పని ఖాళీ అయినట్టేగా? మా బామ్మర్ది ఊరికే తిరుగుతున్నాడు. మేనేజరుగారి చెవిన ఒక మాట వేద్దూ" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. ఆకలి మీదున్న కుటుంబం, అడగాల్సింది అడిగాడు. నాకు మాత్రం ఆ సైకిలుతో సహా అతన్ని బందరు కాలవలోకి తోసేద్దామనిపించింది. లోపలికి వెళ్ళి, సెలవు చెప్పి, బస్సు కోసం బయలుదేరాను.

యుద్ధం రోజుల్లో బెజవాడలో ఫుట్‌బాల్ చూసినవాళ్ళు మీలో ఉంటే ఆయన్ని మర్చిపోయి ఉండరు. పేరు గుర్తుండదు, ఎందుకంటే పేరు పెట్టి ఆయన్ని ఎవరూ పిలవలేదు. పటమట దారిలో ఉన్న బియ్యం మిల్లుకి ఒక టీము ఉండేది. మా ఉద్యోగాలు పేరుకి కాటా గుమస్తా, గోడౌను కాపలా, బస్తాల లెక్క. నిజానికి జీతం ఇచ్చేది కాళ్ళకే. కాలు బాగున్నన్నాళ్ళు ఉద్యోగం, కాలు పోతే దారి చూసుకోవడం. ఆ టీములో ఆయన కుడివైపు ఫుల్‌బ్యాకు, నేను గోల్‌కీపర్ని. జనం ఆయన మొహం చూశారు. నేను ఆయన వీపు చూశాను. ఆట మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా నా కళ్ళముందు ఉండేది ఆ వీపే. చొక్కా తడిసి అంటుకుంటే వెన్నెముక ఏ వైపుకి వంగుతోందో చూసి, బంతి ఎటునుంచి వస్తుందో నేను చెప్పగలిగేవాణ్ణి.

దణ్ణాల బ్యాకు అని ఎందుకన్నారో చెప్పాలి. బస్సులోనో సంతలోనో మన కాలు ఇంకొకరికి తగిలితే మనం ఏం చేస్తాం? చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుంది. తగిలిన చోట వేళ్ళు ఆనించి కళ్ళకద్దుకుంటాం. అవతలివాళ్ళు "పర్లేదండీ" అంటారు. ఆ ఒక్క మాటతో అయిపోతుంది, ఇద్దరి మధ్యా ఏమీ మిగలదు. ఇది అందరికీ ఉన్న అలవాటే. ఫుట్‌బాల్లో బ్యాకుగా ఆడేవాడికి మాత్రం ఉండకూడదు. ఆయనకి ఉంది.

ఆయన చల్లపల్లి అవతల ఒక నేతపనివాళ్ళ వీధిలో పుట్టాడు. ఆ ఇళ్ళల్లో కాలంటే మహా జాగ్రత్త. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెడతారు, దాన్ని దాటితే తిట్లు. మగ్గం గుంటలోకి కాళ్ళు దించేముందు ఆ తొక్కే చెక్కలకి కూడా దణ్ణం పెడతారు. తొక్కుతున్నందుకు. అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి తెచ్చి, ఎదుటివాడి కాళ్ళమీద పడి బంతి లాక్కోమన్నాం. ఆయన లాక్కునేవాడు. అందులో ఆయన్ని మించినవాడు నాకు తెలిసి ఈ జిల్లాలో లేడు. కానీ లాక్కున్న మరుక్షణం వంగి, పడ్డవాడి కాలు ముట్టుకుని, కళ్ళకద్దుకుని, అప్పుడు బంతి సంగతి చూసేవాడు.

మొదటి మ్యాచిలో జనానికి అర్థం కాలేదు. రెండో మ్యాచికల్లా గ్రౌండు చుట్టూ ఈలలు. ఆయన ఎవరి కాలికైనా తగలగానే గట్టు మీదున్నవాళ్ళంతా ఒక్క గొంతుతో "దణ్ణం! దణ్ణం!" అని అరిచేవాళ్ళు. సోడా కొట్టు వాడు కూడా కొట్టు వదిలేసి వచ్చి అరిచేవాడు. ఒకసారి మిలటరీ టీముతో ఆడుతుంటే, బూట్లేసుకున్న ఒక సోల్జరు, ఈయన వంగగానే తన బూటు తాడు లాగుతున్నాడనుకుని నెత్తిమీద ఒక్కటిచ్చాడు. ఈయన దెబ్బ తిన్నాక కూడా పని సగంలో ఆపలేదు. ఆ బూటుని ముట్టుకునే లేచాడు. నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. హాఫ్‌టైములో, "ఏంటన్నయ్యా ఇది, వాడు కొడుతుంటే నువ్వు దణ్ణం పెట్టడమేంటి?" అన్నాను.

"వాడు కొట్టింది వాడి లెక్క తమ్ముడూ. నా కాలు తగిలింది నా లెక్క" అన్నాడు. తర్వాత నీళ్ళ ముంత నా వైపు జరిపి, వెళ్ళి ఒక మూల కూర్చుని, ఎవరి జెర్సీయో చిరిగితే పోగు పోగుకీ ముడేసి కలుపుతున్నాడు. ఆయన కలిపిన చోట వేలితో తడిమినా ముడి దొరికేది కాదు. మా టీము మొత్తం ఆయన ముడుల మీదే ఆడింది.

ఆయన నాకు నేర్పినవి చిన్నవే. "ముందుకొచ్చేవాడికి తొందరుంటుంది, మనకేం తొందర?" అనేవాడు. నేను కంగారుపడి గోలు వదిలి ముందుకు పరిగెడితే, తిరక్కుండానే ఒక చెయ్యి వెనక్కి చాపి ఆగమనేవాడు. గోలు పడ్డాక నేను తల పట్టుకుంటే, "నన్ను తిట్టు. గట్టిగా, నలుగురూ వినేట్టు తిట్టు. లోపల పెట్టుకోకు" అనేవాడు. నేను నోటి దురుసు మనిషిని, ఆయన అడగడమే ఆలస్యం తిట్టేసేవాణ్ణి. మళ్ళీ బంతి వచ్చేసరికి నా చేతులు వణక్కుండా ఉండేవి. గోల్‌కీపర్‌గా నేను సంపాదించుకున్న కాస్త పేరులో సగం ఆ తిట్లు తిన్న మనిషిది.

ఇక అసలు సంగతి. హనుమాన్ జంక్షన్ వైపునుంచి ఒక టీము వచ్చేది. రైతుల పిల్లలు, చేలో దమ్ము చేసిన కాళ్ళు. అందులో ఒక కుర్రాడు ఫార్వర్డ్ ఆడేవాడు. మంచి చురుకైనవాడు, పైగా కొంటె. ఈయన అలవాటు అందరూ చూసి నవ్వారు. ఆ కుర్రాడొక్కడే దాంతో పనుందని కనిపెట్టాడు. బంతితో వస్తూ వస్తూ, ఈయన దగ్గరికి రాగానే బంతిని పక్కకి తట్టి, తన కాలు కావాలనే ఈయన కాలికి తగిలేట్టు పెట్టేవాడు. ఈయన వంగేవాడు. వంగి లేచేసరికి కుర్రాడు నా ముందుండేవాడు. ఆ ఏడు సెమీఫైనల్లో అలాగే గోలు కొట్టాడు. కొట్టి, వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి, "పర్లేదండీ బ్యాకుగారూ!" అన్నాడు. గ్రౌండు గ్రౌండంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వులోనే మా కప్పు పోయింది.

మేనేజరుగారు ఓడిపోవడం తెలిసిన మనిషి కాదు. మర్నాడు అందరి ముందూ ఆయన్ని నిలబెట్టి, "నీకు జీతం కాళ్ళకిస్తున్నామయ్యా, చేతులకి కాదు. రేపట్నుంచి చేతులు ఇంట్లో పెట్టి రా" అన్నారు. ఊరికే అన్నారనుకున్నాం. మేనేజరుగారు అన్నమాట చేసే మనిషి. మర్నాడు ప్రాక్టీసుకి బస్తాలు కుట్టే పురికొస తెప్పించి, మా బ్యాకు రెండు చేతులూ వెనక్కి విరిచి కట్టించారు. కట్టి ఆడించారు. ఫార్వర్డులని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని ఆయన మీదికి పంపించారు.

మీరు ఊహించుకోవాలి. కాలు తగలగానే ఆయన భుజాలు ముందుకి ఒంగేవి. చేతులు రావు. మనిషి తూలి బోర్లా పడేవాడు. చేతులు లేకపోతే పడేవాడికి మొహమే ఆధారం. లేపి నిలబెట్టేవాళ్ళు, మళ్ళీ పంపేవాళ్ళు. మొదట్లో టీమంతా పడీపడీ నవ్వింది. ఒకనాడు లేచేసరికి ముందుపన్ను సగం లేదు. నోట్లో రక్తం ఉమ్మి, మేనేజరుగారి వైపు తిరిగి, "ఇంకోసారి పంపించండి" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నాకు వెనకనుంచి కనిపించేవి ఆ చేతులు. పురికొస ఒరుసుకుని మణికట్లు ఎర్రగా కమిలిపోయి, వేళ్ళు మాత్రం ఊరికే ఉండక కదులుతూ ఉండేవి.

"వదిలేసి ఇంటికి పో అన్నయ్యా, హాయిగా నేసుకుని బతుకు" అన్నాను ఒకనాడు, ఆ చేతులకి కొబ్బరినూనె రాస్తూ.

"నూలేదీ?" అన్నాడు.

నిజమే. యుద్ధం పేరు చెప్పి నూలు దొరకడం మానేసింది. ఆ వీధిలో మగ్గాలు మూలన పడ్డాయి. అమ్మ, తమ్ముడు, తమ్ముడి పిల్లలు, అందరి అన్నం ఈయన కాళ్ళమీదుంది. "ఇక్కడ కూడా పోతే మా అమ్మ ఎవరింటికి పోవాలి?" అన్నాడు. "ఈ అలవాటొకటి చంపుకుంటే చాలుగా. చంపుకుంటాను." మామూలుగా, చెప్పులు మార్చుకుంటానన్నట్టు చెప్పాడు.

చంపుకున్నాడు. వానలు తగ్గేసరికి కట్లు విప్పారు. విప్పినా చేతులు కదల్లేదు. కాలు తగిలితే తగిలింది, మనిషి పడితే పడ్డాడు, ఆయన బంతి తీసుకుని అవతలికి కొట్టేసేవాడు. అంతకుముందు ఆయన గోడైతే, ఇప్పుడు ఆ గోడ మన మీదికి వచ్చేది. మేనేజరుగారు భుజం తట్టి, "ఇప్పుడయ్యావు బ్యాకువి" అన్నారు. గట్టు మీద జనానికి మాత్రం సరదా పోయింది. దణ్ణం దణ్ణం అని కాసేపు అరిచి, ఆయన వంగకపోయేసరికి చప్పబడిపోయేవాళ్ళు.

మరుసటేడు ఫైనల్లో మళ్ళీ జంక్షన్ టీమే. మళ్ళీ ఆ కుర్రాడే. మధ్యలో ఏం జరిగిందో వాడికెవరు చెప్తారు? వాడికి తెలిసిన బ్యాకు వంగే బ్యాకు. రెండో హాఫులో బంతి తీసుకుని తిన్నగా ఈయన మీదికొచ్చాడు. వాడి మొహం నాకు ఎదురుగా కనిపిస్తోంది. నవ్వుతున్నాడు. బంతిని పక్కకి తట్టి, కిందటేడులాగే తన కాలు అక్కడ వదిలాడు, తగిలించుకోమని.

ఈయన తగిలించుకోవడానికి రాలేదు. బంతికోసం వచ్చాడు. బంతికి తగిలి ముందుకొచ్చిన కాలి దారిలో ఆ మోకాలు ఉంది. ఆ చప్పుడు నేను గోలు దగ్గర విన్నాను. దాని గురించి ఇంకేం రాయను.

ఆయన బంతిని సెంటర్ లైను దాటించి కొట్టాడు. అక్కడినుంచి మావాళ్ళు తీసుకెళ్ళి గోలు వేశారు. రెఫరీ ఫౌలు ఊదలేదు, బంతే ముందు తగిలిందన్నాడు, నిజానికి జరిగింది కూడా అంతే. మేము కప్పు గెలిచాం. జనం ఆయన్ని భుజాలమీదికి ఎత్తుకున్నారు. నలుగురి భుజాలమీద ఊగుతూ ఆయన వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నాడు. అటుపక్క కుర్రాణ్ణి మంచం మీద వేసి తీసుకుపోతున్నారు. ఈయన "దింపండయ్యా, దింపండి" అంటున్నాడు. వినిపించుకునేవాళ్ళెవరు? మేనేజరుగారు దండేశారు, ఉద్యోగం ఖాయం చేస్తున్నట్టు అందరి ముందూ చెప్పారు. ఏ అలవాటు పోతే పొయ్యి వెలుగుతుందో అది పోయింది, పొయ్యి వెలిగింది. ఆయన కోరుకున్నది కోరుకున్నట్టే దక్కింది, చూశారా!

మర్నాడు పొద్దున్నే నన్ను తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. కుర్రాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కాలికి చెక్కలు కట్టి ఉన్నాయి. ఈయన మంచం దగ్గర నిలబడి చెయ్యి చాపాడు. ఎన్నాళ్ళ తర్వాతో ఆ చెయ్యి దాని దారిన అది బయలుదేరింది.

"ముట్టుకోకండి" అన్నాడు కుర్రాడు.

కోపంగా అనలేదు. మర్యాదగానే అన్నాడు. "కాలు నేనే పెట్టానండీ. మీరు వంగుతారని పెట్టాను" అన్నాడు. తల అటు తిప్పుకున్నాడు. ఈయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చొక్కా అంచు పట్టుకున్నాడు. బయటికొచ్చాక మెట్లమీద కూర్చుని, "ఒక్కసారి పర్లేదు అంటే చాలు తమ్ముడూ. ఉత్తినే అన్నా చాలు" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఆ తర్వాత బతికాడని చెప్పినా తప్పు లేదు.

ఎముక అతుక్కుంది గానీ మోకాలు వంగడం మానేసింది. కాలు కర్రలాగా నిలిచిపోయింది. చేలోకి దిగలేడు, అరక పట్టలేడు. వాళ్ళవాళ్ళు జంక్షన్లో రోడ్డు పక్కన ఒక సైకిలు షాపు పెట్టించారు. ఇక్కడ ఈయన ఆట కూడా అయిపోయింది. పైకి బాగానే ఉండేవాడు, పరిగెత్తేవాడు, ఎదుటివాడి దాకా వెళ్ళేవాడు. కాలు చాపాల్సిన చోట ఆగిపోయేవాడు. వంగడమూ లేదు, తన్నడమూ లేదు. ఫార్వర్డులు ఆయన పక్కనుంచి నడిచి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళు. నేను తిట్టాను, ఆయన అడక్కుండానే తిట్టాను. వీపు మాత్రం తిరిగి చూడలేదు. ఒక సీజను చూసి మేనేజరుగారు ఆయన చోట కొత్తవాణ్ణి తెచ్చుకున్నారు. ఈయన్ని గోడౌన్లో బస్తాల దగ్గరికి పంపించారు. మాట ఇచ్చారు కాబట్టి తీసెయ్యలేదు. ఆ మాత్రం నీతి ఆయనకుంది.

సెలవు దొరికినప్పుడల్లా ఆయన సైకిలు వేసుకుని జంక్షన్ వెళ్ళేవాడు. ఒకసారి నేనూ వెళ్ళాను. ఆ కుర్రాడు స్టూలు మీద కూర్చుని, కాలు రోడ్డు వైపు చాపుకుని, ట్యూబుకి అతుకేస్తున్నాడు. ఈయన్ని చూసి, "గాలి కొట్టాలాండీ?" అన్నాడు, ముక్కూ మొహం తెలియనివాళ్ళని అడిగినట్టు. టైర్లు రెండూ రాయిలాగా ఉన్నాయి. "కొట్టు బాబూ" అన్నాడు ఈయన. కొట్టాడు. ఈయన నిలబడి ఆ కాలు వైపు చూశాడు. కుర్రాడు అది చూశాడు, పంపు పక్కన పెట్టాడు, వేరే బేరం వైపు తిరిగాడు. అంతే. అంతకోసం అంతదూరం తొక్కేవాడు, మళ్ళీ అంతదూరం తొక్కుకుంటూ వచ్చేవాడు.

యుద్ధం అయ్యాక ఎక్కడో కాస్త సన్ననూలు దొరికితే, ఇంటికెళ్ళినప్పుడల్లా మగ్గం గుంటలో కూర్చుని ఆయన ఒక పంచె నేశాడు. అలాంటి పంచె నేను పెళ్ళిలో కూడా కట్టలేదు. చేతిలో పట్టుకుంటే బరువు తెలిసేది కాదు. అది తీసుకెళ్ళి ఇచ్చాడు. కుర్రాడు వద్దనలేదు, పుచ్చుకున్నాడు. తర్వాత వెళ్ళినప్పుడు అది షాపులో మేకుకి వేలాడుతోందట, చిరిగి, గొలుసుల జిడ్డుతో నల్లగా. ఈయన చూపు అటు వెళ్ళగానే కుర్రాడు చేతులు దానికే తుడుచుకుంటూ, "మంచి గుడ్డండీ. జిడ్డు బాగా పీలుస్తోంది" అన్నాడట.

ఇది నాకు గోడౌన్లో బస్తా మీద కూర్చుని ఆయనే చెప్పాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి పొగరు అణచాలి పదమన్నాను. ఆయన ఆ సగం పన్నుతో నవ్వాడు.

"వాడుతున్నాడుగా తమ్ముడూ" అన్నాడు. "పారెయ్యలేదుగా."

ఆ వానల్లోనే జ్వరం తగిలింది. తమ్ముడొచ్చి ఇంటికి తీసుకెళ్ళాడు. బస్సెక్కిస్తుంటే నా భుజం మీద చెయ్యి వేసి, "జంక్షన్ వైపు వెళితే ఒకసారి చూసిరా" అన్నాడు. ఎవర్నని నేను అడగలేదు.

కబురు తెలిసి నేను వెళ్ళేసరికి వీధంతా మగ్గాలు ఆపేశారు. వాకిట్లో తడికెల పందిరి కింద ఆయన్ని పడుకోబెట్టారు. కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి తెల్లని నూలుతో కట్టారు. మేనేజరుగారు రాలేదు, టీము జెర్సీ ఒకటి నాతో పంపించారు. వాళ్ళమ్మ దాన్ని విప్పి, అటూ ఇటూ తిప్పి, చిరుగు కలిపిన చోటు చూసి, "ఇది మా వీధివాళ్ళ ముడే, మా వాడిదే" అని పక్కన పెట్టుకుంది. ఆమెకి ఆట సంగతి ఏం తెలుసో ఏం తెలియదో నాకు తెలియదు. నేను చెప్పలేదు.

పడమటి ఎండ వాకిట్లోకొచ్చే వేళకి ఆ కుర్రాడొచ్చాడు. బస్సులవాళ్ళ నోట విని ఉంటాడు. ఒక కాలు పక్కకి విసురుతూ వీధి మొదట్నుంచీ నడుచుకుంటూ వస్తుంటే అందరూ చూశారు, ఎవరో పోల్చుకోలేదు. వచ్చి నా పక్కన ఆగి, శవం కాళ్ళ వైపు చూస్తూ, "నాకు తగిలింది ఏ కాలండీ?" అని అడిగాడు. కుడికాలన్నాను. తల ఊపాడు. చాలాసేపు దాన్నే చూశాడు. వాడి మొహంలో ఏముందో చదవడం నావల్ల కాలేదు. ఏడుపైతే లేదు. అంత దూరం బస్సులో నిలబడి వచ్చాడేమో, ఇక నిలబడలేక గోడ పట్టుకుని, మెల్లగా జారి, ఆయన కాళ్ళకెదురుగా నేలమీద కూర్చున్నాడు. మంచికాలు ముడుచుకున్నాడు.

ఈయన మేనమామ, పెద్దాయన, పనులు చూసుకుంటూ అటు వచ్చాడు. వచ్చి చూసి కసిరాడు.

"ఏమయ్యోయ్, శవానికెదురుగా కాలు చాపుకుని కూర్చుంటావేంటి? మర్యాద తెలీదూ? ముడుచుకో."

"ముడవదండీ" అన్నాడు కుర్రాడు.

పెద్దాయన ఇంకేదో అనబోయి ఆ మోకాలు చూసి పక్కకి తప్పుకున్నాడు. జనం కాస్త అటూ ఇటూ జరిగి చోటిచ్చారు. నూలుతో కట్టిన ఆ రెండు పాదాలకి ఎదురుగా, జానెడు దూరంలో, మట్టి కొట్టుకున్న ఆ ఒక్క పాదం, ఆయన్ని లేపేదాకా అలాగే చాపి ఉంది.